ఇంటిలెక్క: ఒకరు విడిచిన బట్ట

పోయిన నెల ఒకనాటి రాత్రి పది దాటినంక ఒక వదిన మా ఖోలీ తలుపు కొట్టింది. పేరు రాయను, మా చాలీలో ఏ మాళా మీద ఉంటదో కూడా రాయను. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "వదినా, పిల్లకు ఇంటర్వ్యూ వచ్చింది. నల్లకోటు వేసుకొని రావాలంట" అన్నది.

పిల్ల బీకాం అయింది. విమానాశ్రయం దిక్కు ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్ పని. దుకాణంలో కోటు అడిగితే రెండువేల ఎనిమిది వందలు చెప్పారట. ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్లు, ఐదుగురు తినేవాళ్లు. ఆ నెల గ్యాసుకే కష్టమైంది. నేను పాతబట్టల బజారు ముచ్చట తెలిసినదాన్నని ఆమెకు ఎవరో చెప్పారు. "కానీ ఎవ్వరికీ తెల్వద్దు వదినా. ఒకరు విడిచిన బట్ట నా బిడ్డకు తొడిగిన్నంటే మా ఆడపడుచు నన్ను బతకనియ్యది" అన్నది.

మరి ఎవ్వరికీ తెలియవద్దన్నది పత్రికలో ఎందుకు రాస్తున్నావని మీరు అడుగుతారు. రాయమన్నది ఆ పిల్లే. అది చివరికి చెబుతాను.

ముందు ఈ పాతబట్టలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పాలి. మన ఆడవాళ్లకు ఈ వ్యాపారంలో సగమే తెలుసు. పగటిపూట, మొగవాళ్లు పనికి పోయినంక, నెత్తిన గంపనిండా స్టీలు గిన్నెలు పెట్టుకొని బోహారీణ్ వస్తుంది కదా. గుజరాతీ మాట్లాడే వాఘ్రీ ఆడవాళ్లు. మనం రెండు పాంట్లు, మూడు చీరలు ఇస్తే ఒక డబ్బా ఇస్తుంది. మూత కావాలంటే ఇంకో అంగీ అడుగుతుంది. మనకు తెలిసింది అంతవరకే. తరువాతి సగం ఏమిటంటే, ఆమె ఆ మూటను ఇంటికి తీసుకపోయి ఏరుతుంది. తొడగటానికి పనికొచ్చేది ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి తెల్లవారుజాము బజారుకు పంపిస్తుంది. పనికిరాని నూలుబట్ట చిందీ అవుతుంది. మోటారు గ్యారేజీల్లో, మిల్లుల్లో యంత్రాలు తుడవటానికి పోతుంది. ఉన్ని బట్టలైతే పానిపట్ దాకా పోతాయి. అక్కడ చింపి, మళ్లీ దారం తీసి, కంబళ్లు నేస్తారు. వరదలొచ్చినప్పుడు పంచే బూడిదరంగు కంబళ్లు చూశారు కదా, అందులో చాలావరకు అట్లా పుట్టినవే.

మా బాపు మిల్లులో నేతఖాతాలో సాంచెల మీద పనిచేసేవాడు. చేతులకు గ్రీజు అయితే తుడుచుకునే గుడ్డ ముక్కను కూడా ఒకసారి విప్పి చూసేవాడట. "ఇది మంచి మల్లు" అనో, "ఇది చీరె అంచు" అనో అనుకునేవాడట. ఆ అలవాటే నాకూ వచ్చింది.

గ్రాంట్ రోడ్డు స్టేషన్‌కు తూర్పున, దో టాకీ దగ్గర శుక్రవారం తెల్లవారుజామున పాతసామాను బజారు కూర్చుంటుంది. నాలుగ్గంటలకే చాదర్లు పరిచి చెప్పులు, పాంట్లు, కోట్లు, పనిముట్లు, చెడిపోయిన ఫోన్లు కుప్పలు పోస్తారు. ఎండ ముదిరేసరికి మూటలు కట్టేస్తారు. వదిన ఆ పేరు వినగానే ముఖం చిట్లించింది. "కామాఠిపురా గల్లీలకా? ఆడపిల్లను తోలుకొనా?"

అప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. కామాఠిపురా అన్న పేరు ఎవరి పేరు? నిజాం రాజ్యం తెలుగు నేల నుంచి ఈ ఊరికి గోడలు కట్టటానికి, రోడ్లు వేయటానికి వచ్చిన మన కూలీలను ఇక్కడి వాళ్లు కామాఠీలు అన్నారు. వాళ్లున్న చోటు కామాఠిపురా అయింది. ఆ తరువాత ఆ గల్లీలకు ఏ పేరు వచ్చిందన్నది వేరే కథ. ముందు వచ్చింది మనవాళ్లు. నేను కోడలుపిల్ల చెయ్యి పట్టుకొని పోతా, నువ్వు పడుకో అన్నాను.

తెల్లారి నాలుగున్నర లోకల్‌కు లోయర్ పరేల్‌లో ఎక్కి మూడో స్టేషన్లో దిగినం. పిల్ల దారిపొడుగునా మాట్లాడలేదు. ఓఢ్నీ ముఖం మీదికి లాక్కున్నది. తెలిసినవాళ్లు కనబడతారని భయం. ఆ భయం నాకు కొత్త కాదు గనుక నేనూ మాట్లాడలేదు.

1982 సంగతి. జనవరి 18న సంపు మొదలైంది. దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు బయటికి వచ్చారు. రెండు నెలల్లో తేలుతుందని బాపు అన్నాడు. జూన్ వచ్చింది, బడి తెరిచారు, సంపు తేలలేదు. నేను ఐదో తరగతిలోకి వచ్చిన. పాత లంగా మోకాలు దాటి పైకి పోయింది.

ఆ ఏడాది మా చాలీలో బోహారీణ్ వ్యాపారం తిరగబడ్డది. అంతకుముందు ఆమె గిన్నెలు ఇచ్చి బట్టలు తీసుకపోయేది. ఇప్పుడు మా ఆడవాళ్లే బట్టలు పెట్టి సంపాదించుకున్న డబ్బాలు, చెంబులు, బిందెలు అలమారీ మీదనుంచి దించి ఆమెకే ఇవ్వటం మొదలుపెట్టారు. పైసలకు ఇచ్చేవాళ్లు పైసలకు, బట్టలకు ఇచ్చేవాళ్లు బట్టలకు. మా అమ్మ పెద్ద స్టీలు బిందె ఇచ్చి నాకు రెండు తెల్ల అంగీలు, ఒక నీలి లంగా, తమ్మునికి ఒక నిక్కరు తీసుకున్నది. మాతో మాత్రం "భీవండి మేనత్త పంపింది" అన్నది.

మేనత్త పంపిందని నేను బడిలో గొప్పగా చెప్పుకున్న. మూడోనాడో నాలుగోనాడో ఎదుటి బిల్డింగు పిల్ల నా లంగా నడుముపట్టీ మలిపి చూసింది. లోపల ఎర్రదారంతో రెండు అక్షరాలు కుట్టి ఉన్నాయి. అవి ఆమె పేరుకు మొదటి అక్షరాలు. "ఇది నాదే, మా అమ్మ కుట్టింది" అన్నది. ఎగతాళి చేయలేదు పాపం, ఆశ్చర్యపోయి అన్నది. కానీ పక్కన ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంటికి వచ్చి లంగా విప్పి గోడకు కొట్టిన. అమ్మ ఏమీ అనలేదు. సూది తీసుకొని ఆ ఎర్రదారం ఒక్కొక్క పోగు లాగేసింది. అప్పుడు బాపు ఆ లంగా చేతిలోకి తీసుకొని, తిరగేసి, దీపం దగ్గర పట్టి, వేళ్లతో రుద్ది చూశాడు. "టెర్రికాట్. కుట్టులో ఇంకా ఇంచున్నర బట్ట ఉన్నది. వదులు చేసుకుంటే రెండేండ్లు ఆగుతది. మంచి సరుకు తెచ్చినవ్" అని అమ్మతో అన్నాడు. ఆ మాట విని అమ్మ ఏడ్చింది. అంతవరకు ఏడ్వలేదు.

ఆ లంగా నేను ఏడో తరగతి దాకా తొడిగిన. దాని మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. మేనత్త పంపిందన్న అబద్ధం మీదనే చానా రోజులు ఉన్నది. ముందే నిజం చెప్పి ఉంటే ఆ పిల్లకు నేనే "అవును, నీదే, ఇప్పుడు నాది" అని చెప్పుకునేదాన్ని కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అమ్మను తప్పుపట్టను. బిందె పోయిన దుఃఖం ఆమెది.

సరే, బజారుకు వస్తాను.

పాతబట్ట కొనేటప్పుడు బయటినుంచి చూసేవాళ్లు మోసపోతారు. బాపు లాగ తిరగేయాలి. ముందు చంకలు. చెమటకు బట్ట అక్కడే చీకిపోతుంది. రెండు చేతులతో మెల్లగా లాగితే పడుగు, పేక విడిపోయి సందులు కనబడితే వదిలేయాలి, ఎంత అందమైన రంగైనా సరే. తరువాత కాలరు మడత, పాంటైతే కూర్చునేచోటు, తొడల మధ్య. టార్చి లోపల పెట్టి చూస్తే పలచబడ్డది ఇట్టే తెలుస్తుంది. ఆ పైన కుట్లు. కుట్టులో లోపల బట్ట మిగిలి ఉంటే వదులు చేయొచ్చు, లేకపోతే బిగువు చేయటం తప్ప దారి లేదు. గుండీ పోతే పోయింది, రెండు రూపాయలు. జిప్పు పోతే దర్జీ కూలి లెక్కలో వేసుకోవాలి. మరకను మాత్రం "ఉతికితే పోతది" అని అమ్మేవాడు అంటే నమ్మవద్దు. అది పోయేదే అయితే అతనే పోగొట్టి ఇంకో యాభై ఎక్కువ చెప్పేవాడు.

కోటు కథ ఇంకా వేరు. రొమ్ము మీద లోపల గట్టిగుడ్డ అంటించి ఉంటుంది. చవక కోటును నీళ్లలో ఉతికితే ఆ అంటు విడిపోయి పైన బుడగలు లేస్తాయి. వాటిని ఏ ఇస్త్రీ పోగొట్టలేదు. చేతితో నిమిరితే చీకట్లో కూడా తెలుస్తుంది. అందుకే నేను కోట్ల కుప్పలో ముందు కండ్లతో వెతకలేదు, చేతితో వెతికిన.

మొదట దొరికిన కోటు పిల్లకు సరిగ్గా కూర్చుంది. కానీ గుండీలు కుడిదిక్కు ఉన్నాయి. మొగపిల్లల కోటు. ఆడవాళ్ల కోటుకు గుండీలు ఎడమదిక్కు ఉంటాయి. "ఎవరు చూస్తరు అత్తమ్మా" అన్నది. హోటలు వాళ్ల పనే మనిషిని తలనుంచి కాలిదాకా చూడటం, పెట్టేయ్ అన్నాను. ఆరు దాటుతుండగా ఇంకో చాదరు మీద ఆడవాళ్లదే ఒకటి దొరికింది. నలుపు నిండుగా ఉన్నది. రొమ్ము నున్నగా ఉన్నది. అస్తరు మాత్రం ఎడమచంక కింద జానెడు చిరిగింది. నాకు సంతోషమైంది, ఎందుకంటే అస్తరు చిరగటం కోటు చిరగటం కాదు. ధర తగ్గించటానికి మాత్రం అది చాలు. లోపలి కుట్టునుంచి ఒక పోగు లాగి, అమ్మేవాని అగ్గిపుల్ల అడిగి కాల్చి చూసిన. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, చివరకు నల్లముద్ద కట్టింది. అంటే ఉన్ని, పాలియెస్టరు కలిసింది, టెరివూల్. ఉత్త నూలైతే కాగితం వాసన వచ్చి మెత్తటి బూడిద రాలేది. ఉత్త పాలియెస్టరైతే వెంట్రుక వాసన రాకుండా ముద్ద మాత్రం కట్టేది. నేను పోగు కాల్చటం చూసి అమ్మేవాడు నవ్వి, "మిల్‌వాలీ హో క్యా?" అన్నాడు. మిల్‌వాలే కీ బేటీ అన్నాను. ఆరువందలు చెప్పినవాడు రెండువందల ఎనభైకి ఇచ్చాడు. మిల్లు పేరుకు ఇచ్చాడో, చిరిగిన అస్తరుకు ఇచ్చాడో మరి.

లెక్క ఇదీ: కోటు 280, డ్రైక్లీనింగు 220, అస్తరు కుట్టి చేతులు ఒక ఇంచు తగ్గించినందుకు దర్జీకి 150, ఇద్దరికీ లోకల్ రానుపోను 20. మొత్తం 670. పాతబట్ట ధర అంటే చాదరు మీద ఇచ్చిన ధర కాదు. ఉతికించి, కుట్టించి, తొడిగేదాకా అయినది ధర. ఇది వేసుకోకనే చానామంది "చవగ్గా దొరికింది" అని నాలుగు తెచ్చి, ఒక్కటీ తొడగకుండా మూలకు పడేస్తారు. మా ఇంట్లో కూడా అట్లాంటి మూల ఒకటి ఉన్నది, అబద్ధం ఎందుకు.

తెచ్చినంక నేరుగా అలమారీలో పెట్టవద్దు. కుట్లలో పేల గుడ్లు, నల్లులు ఉండొచ్చు. నూలుబట్టలైతే వాషింగ్ సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో తిరగేసి ఆరేయాలి. తడి పూర్తిగా ఆరినంక కుట్ల వెంబడి వేడి ఇస్త్రీ గట్టిగా అదిమి నడిపించాలి. ఉన్నివి ఉడకబెడితే ముడుచుకపోతాయి. వాటికి ఎండ, బ్రష్షు, తడిగుడ్డ పైన వేసి ఇస్త్రీ. లోపలి బట్టలు, మేజోళ్లు, దిండ్లు ఎంత చవకైనా కొనవద్దు. పిల్లల చెప్పులు కూడా వద్దు. ఇంకొకరి పాదం తీరుకు ఒంగిన చెప్పులో మన పిల్ల పాదం ఎందుకు దూర్చటం.

ఇంకో మాట బోహారీణ్‌కు ఇచ్చేవాళ్లకు. పెండ్లినాటి జరీ చీర పట్టు చీకిపోయిందని గిన్నెకు ఇచ్చేయకండి. పాత అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పోసింది. చీర తిరగేసి, అంచులో ఒక పోగును గోటితో గీకండి. లోపల ఎర్రపట్టు దారం కనబడితే అది అసలుది అయ్యే అవకాశం ఎక్కువ. తెల్లదారం కనబడితే మామూలుది. అసలు జరీని తూకానికి కొని, కరిగించి వెండి తీసేవాళ్లు ఉన్నారు. ఒకరి మాటనే నమ్మకుండా ఇద్దరు ముగ్గురి దగ్గర అడగండి. మా పెద్దమ్మ అట్లాంటి చీర ఇచ్చి రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నది. ఆ గిన్నెల్లో పాలు కాగబెట్టినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఆమెను గుర్తుచేసి సతాయించేవాళ్లు.

మా చిన్నది ఫోన్లో చూపిస్తుంది, ఇప్పుడు కాలేజీ పిల్లలు పాతబట్టలకు ఫోటోలు తీసి, థ్రిఫ్ట్ అని పేరు పెట్టి అమ్ముకుంటున్నారట. దో టాకీలో నూటయాభైకి దొరికే జీన్సు అంగీ అందులో తొమ్మిదివందలు. పేరు మారితే సిగ్గు కూడా పోతుందేమో. మంచిదే, కానీ చంకలు ఫోటోలో కనబడవు.

ఇగ ఆ పిల్ల సంగతి. ఇంటర్వ్యూనాడు పొద్దున కోటు తొడుక్కొని మెట్లు దిగుతుంటే నల్లాకాడ నలుగురు ఆడవాళ్లు ఆపారు. ఎంత బాగున్నది, ఎక్కడిదని. వెనుక నిలబడ్డ వదిన వెంటనే "మా భీవండి వదిన ఇచ్చింది" అన్నది. నేను పైన కటకటాల దగ్గర నిలబడి విన్న. నలభైయేండ్లు దాటినా మనోళ్లకు భీవండి తప్ప ఇంకో ఊరు దొరకలేదు.

పిల్ల ఆగింది. "కాదమ్మా" అన్నది. "దో టాకీ బజార్ల కొన్న. రెండువందల ఎనభై. అత్తమ్మ కొనిచ్చింది. చూడుండ్రి, అస్తరు కొత్తది" అని కోటు తెరిచి చూపించింది. ఆడపడుచు కూడా అక్కడే ఉన్నది. ఆమె అస్తరు పట్టుకొని చూసి, "దర్జీ ఎవరు?" అని అడిగింది. అంతే.

వదిన రెండురోజులు నాతో మాట్లాడలేదు. పిల్ల మాత్రం సాయంత్రం వచ్చి, "అత్తమ్మా, ఈ నెల ఇంటిలెక్కల ఇదే రాయి, అమ్మ పేరు మాత్రం రాయకు" అన్నది. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు, రెండోసారి రమ్మన్నారు. అదే కోటు తొడుక్కొని పోతుంది.

పోయిన శుక్రవారం నాలుగింటికి నేను కిందికి దిగేసరికి మెట్ల దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకామెకు మనవనికి స్వెట్టరు కావాలట. ఒకామెకు ఏమీ వద్దు, ఊరికే చూస్తదట. మూడో ఆమె ఓఢ్నీ ముఖం మీదికి లాక్కొని ఉన్నది, చేతిలో టార్చి. దగ్గరికి పోతే వదిన. "నాకు కాదు, ఆయనకు పాంటు చూద్దామని" అన్నది.